బోర్డు మీద లేని పేర్లు

గోల్ఫ్ క్లబ్బు గోడ మీది నల్ల బోర్డు ముందు నిలబడితే మా అమ్మకి ఒళ్లు మండిపోయేది. జంటల కప్పు గెలిచినవాళ్ల పేర్లు ఏడాదికొకటి చొప్పున దాని మీద బంగారు రంగులో రాస్తారు. యాభై రెండో సంవత్సరం పక్కన ‘ఎ. కౌవీ, భార్య’ అని ఉంది. ఆ భార్య మా అమ్మమ్మ. ఆ రోజు ఎదురుగాలిలో ఆఖరి దెబ్బ కొట్టి బంతిని గుంతలో వేసింది ఆవిడే. బోర్డు మీద అలా రాసింది మా తాతయ్యే. రేవులో పడవలకు పేర్లు రాయడం ఆయన పని. ఆయన పోయాక ఆ కుంచె డోడ్ మామయ్య చేతికొచ్చింది. ఇరవై ఏళ్లుగా మామయ్యే ఏటా ‘భార్య’, ‘భార్య’ అని రాస్తూ వచ్చాడు.

“చేతులెలా వచ్చాయిరా నీకు?” అని అమ్మ చాలాసార్లు నిలదీసింది.

“కాగితం మీద ఏముంటే అది రాస్తానక్కా. పడవకి పేరు పెట్టేది పడవగలవాడు, నేను కాదు.”

“పడవలకైనా ఆడవాళ్ల పేర్లు పెడతారు కదరా!”

ఆ వేసవిలో అమ్మ తమ్ముణ్ణే జంటగా పెట్టుకుని పోటీకి దిగింది. తమ్ముడితో గెలిస్తే ‘భార్య’ అని ఎలా రాస్తారో చూద్దామని ఆమె పట్టుదల. క్లబ్బు సెక్రటరీ టలాక్ గారు వాళ్లిద్దరి పేర్లు రాసిచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“దానికేముంది నెట్టా, ‘డి. కౌవీ, సోదరి’ అని రాయిద్దాం.”

“నెట్టా అని నాకు పేరుందండీ.”

“ఆనవాయితీ ఒకటుంది కదమ్మా. ముందు గెలవండి, తర్వాత కమిటీలో మాట్లాడదాం.”

అమ్మ తలుపు వేసిన దెబ్బకి గోడ మీది కప్పుల బొమ్మ ఒకటి వంకరైంది.

జంటల ఆటలో ఇద్దరికీ ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరు కొడితే తర్వాతి దెబ్బ రెండోవాళ్లు కొట్టాలి. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసిన జంటదే ఆ గుంత. కోపం వచ్చినా ఎటూ పోలేరు. అవతలివాళ్లు పాడుచేసిన చోటి నుంచే మనం కొట్టాలి. మా ఊళ్లో దానికి ఇంకో కట్టుబాటు ఉంది. జంటలో ఒకరు రెండోవాళ్లకి క్షమాపణ చెప్పకూడదు. మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని అవుతుంది మరి.

అమ్మా మామయ్యా ఫైనల్ దాకా వచ్చారు. ఎదురు జంట టలాక్ గారూ, ఆయన భార్యా. కర్రల సంచి నేను మోశాను. పదిహేడు గుంతల దాకా అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు.

“నన్ను ఏ ముళ్లపొదల్లోకి తోశావో చూడు!” అంది అమ్మ పదకొండో గుంత దగ్గర.

“నేను బంతిని తోశాను. నువ్వు నీ కాళ్లతోనే నడిచొచ్చావు.”

అయినా పద్దెనిమిదో గుంతకి వచ్చేసరికి రెండు జంటలూ సమానంగా ఉన్నాయి. మొదటి దెబ్బ మామయ్యది. సముద్రపు గాలికి బంతి కుడివైపు తిరిగి దిబ్బల మధ్య మోకాలెత్తు గడ్డిలో పడింది. అమ్మ బలమంతా పెట్టి కొడితే గజం దూరం కదిలింది. ఇక మామయ్య వంతు. పళ్లు కొరుకుతూ కర్ర తిప్పాడు. గడ్డి ఎగిరింది. బంతి ఉన్నచోటే ఉంది.

టలాక్ దంపతులు దిబ్బకి అవతల ఉన్నారు. చూసింది మేం ముగ్గురమే.

మామయ్య మళ్లీ కర్ర ఎత్తాడు.

“ఆగు. నా వంతు,” అంది అమ్మ.

“నీ వంతేంటి? అది ఉత్తినే, చెయ్యి సాగదీసుకున్నా.”

“ఉత్తినే చెయ్యి సాగదీసుకునేవాడికి మెడ మీద నరాలు అంతలా పొంగవురా. గాలిని కొట్టినా దెబ్బ దెబ్బే. జరుగు.”

“అక్కా, నీ పేరు కోసమే కదా ఇదంతా!”

“దొంగదెబ్బతో ఎక్కే పేరు నాకొద్దు. ఊనా, ఆ కర్ర ఇటివ్వు.”

నేను ఇచ్చాను. ఇద్దరి మొహాలూ చూడలేక సంచిలోకి చూశాను. అమ్మ కొట్టిన ఆ దెబ్బ లాంటిది నేను మళ్లీ చూడలేదు. గడ్డిలోంచి లేచిన బంతి గాలిని చీల్చుకుంటూ వెళ్లి గుంతకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

“ఇప్పుడు కొట్టేది నాలుగోదా?” అని టలాక్ గారు అడిగారు.

“అయిదోది,” అంది అమ్మ.

వాళ్లు అయిదు దెబ్బల్లో ముగించేశారు. మామయ్య ఇది వేస్తే సమానం. మెల్లగా నెట్టాడు. బంతి గుంత అంచున ఒక చుట్టు తిరిగి, మా అందరినీ ఒకసారి చూసినట్టు ఆగి, బయటికొచ్చింది.

అమ్మ చేతిలోని టోపీని నేలకేసి కొట్టింది. తొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మామయ్య మా ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే అవతలి వీధి చుట్టి వెళ్లేవాడు.

పదో రోజు క్లబ్బులో టీ ఇవ్వడానికి నన్ను పిలిచారు. మామయ్య నిచ్చెన మీద ఉన్నాడు. టలాక్ గారు కాగితం అందించారు. మామయ్య ‘ఆర్. టలాక్,’ దాకా రాసి ఆగాడు. కుంచె రంగులో ముంచి, వెనక్కి తిరిగి, కిటికీ దగ్గర కూర్చున్న ఆయన భార్యని చూశాడు.

“అమ్మా, మీ పేరేంటి?”

ముప్పై ఏళ్లుగా ఆవిడ అందరికీ సెక్రటరీగారి భార్యే.

“కాగితంలో ఏముందో చూడు డోడ్,” అన్నారు టలాక్ గారు.

“చూశాను. కాగితం తప్పు.”

“కమిటీ నిర్ణయం అది!”

“అయితే కమిటీని నిచ్చెనెక్కమనండి. కుంచె ఇదిగో.”

ఎవరూ లేవలేదు. ఆవిడ కప్పు కింద పెట్టింది.

“యూఫీమియా,” అంది. మొగుడు ఏదో అనబోతే ఇంకాస్త గట్టిగా, “యూఫీమియా. రాయండి,” అంది.

రాయడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ కోపం రెట్టింపైంది. వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డ మామయ్య మీద విరుచుకుపడింది.

“కొట్టింది నేను, అడిగింది నేను, అవమానపడింది నేను! బోర్డెక్కిన మొదటి ఆడపేరు ఆవిడదా?”

“గెలిచింది ఆవిడ కదక్కా.”

“నువ్వు గాలిని కొట్టకపోతే నేను గెలిచేదాన్ని!”

“అవును,” అన్నాడు మామయ్య.

అమ్మ స్టవ్ కట్టేసింది.

“నిచ్చెన తీసేశావా?”

“లేదు. రంగు ఇంకా ఆరలేదు.”

“యాభై రెండు దగ్గర చోటుందా?”

“ఇరుకు. పాతది గీకాలి.”

“మన అమ్మ పేరు ‘ఎల్లా’, అంతేగా. యూఫీమియా అంత పొడుగు కాదుగా. పడుతుందిలే,” అంటూ అమ్మ కోటు అందుకుంది. “నడువు. ఈసారి చెయ్యి ఉత్తినే సాగదీశావో, చెబుతాను నీ పని.”