నల్లముక్కు పిట్టలు

కుట్టుపనిలో మిగిలిపోయిన గుడ్డముక్కలతో అరచేతిలో ఇమిడే పిట్టలు చేయాలన్న ఆలోచన టైలరమ్మది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. పిట్ట కడుపులో దూది, వీపున వేలాడదీసుకోవడానికి దారం, మెడలో ఫోన్ నంబరు రాసిన చిన్న కాగితం. టీ నీళ్ళ ఖరీదుకే ఎవరికైనా చేతిలో పెట్టి ఇవ్వదగ్గ వస్తువు. చేయడం ఆమెకు వచ్చు. ఎక్కడ అమ్మాలో మాత్రం ఆ దేవుడికే తెలియాలి.

అది తేల్చుకోవడానికి గడువొకటి ఉంది. ఈమధ్యే మానేసి వచ్చిన దుస్తుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఆమె మిషను సోమవారం వరకే ఖాళీగా ఉంచుతానన్నాడు. అక్కడ పొద్దస్తమానం చొక్కాలకి ఎడమ చేతులు కుట్టడమే ఆమె పని. కుడి చేతులు ఎవరు కుట్టేవారో, చొక్కా పూర్తయ్యాక ఎలా ఉండేదో ఏనాడూ చూసి ఎరగదు. మళ్ళీ అక్కడికి వెళ్ళాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. పిట్టలు అమ్ముడైతే ఆ బాధ తప్పుతుంది. కాకపోతే సోమవారం నుంచి మళ్ళీ ఎడమ చేతులే.

సలహాలకేం కొదవ? మొబైల్ షాపులో పనిచేసే మరిది వచ్చి, "ఈ రోజుల్లో షాపులకెవరు వెళ్తున్నారు వదినా? ఫోన్లో పెట్టు, ప్రపంచమంతా చూస్తుంది" అన్నాడు.

"ప్రపంచం చూస్తే సరిపోయిందా? చేత్తో పట్టుకుని చూడొద్దూ?" అంది పెద్దాడపడుచు. "గిఫ్టు షాపులో పెట్టు అమ్మాయ్. అద్దాల బీరువాలో ఉంటేనే దేనికైనా విలువ."

లారీ మీద దూరాలు తిరిగే భర్తకి ఫోన్ చేసి అడిగితే, ఆ మహానుభావుడు "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటతో ఆమె బుర్ర పూర్తిగా వేడెక్కింది.

చివరికి తనే ఒక ఉపాయం పన్నింది. గిఫ్టు షాపుకి ఎర్రముక్కు పిట్టలు, ఫోన్లో అమ్మేవాటికి పసుపుముక్కు, బస్టాండులోని పుస్తకాల కొట్టుకి ఆకుపచ్చముక్కు. ఇంకా కావాలని ఎవరు ఫోన్ చేసినా ముక్కు రంగు అడిగితే చాలు, ఏ దారిన వెళ్ళిన పిట్టో తెలిసిపోతుంది. ముక్కులు కుట్టే పని అత్తగారిది. ఆవిడ పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి మోకాళ్ళకి వ్యాయామం చేయించుకొస్తుంది, మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని ముక్కులు కుడుతుంది. ఇంత తెలివి తనకెక్కడిదా అని టైలరమ్మ తనని తనే మెచ్చుకుంది.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. గిఫ్టు షాపాయన పిట్టల్ని అద్దాల బీరువాలో కాదు, అన్నిటికంటే కింది అరలో చీపురు పక్కన పెట్టాడు. "ఇంత చవకది పైన పెడితే మిగతావాటి పరువు పోతుందమ్మా" అన్నాడు. ఫోన్లో చూసినవాళ్ళు ముద్దొస్తోందని మెచ్చుకుని, ఇంటికి చేర్చే ఖర్చు పిట్ట ఖరీదు కంటే ఎక్కువని తెలియగానే మాయమైపోయారు. బస్టాండులో పిల్లలు పిసికి చూసి వదిలేశారు.

ఇలా ఉండగా ఫోన్లు మొదలయ్యాయి.

"నల్లముక్కు పిట్టలున్నాయాండీ?"

"నల్లవి లేవండీ. ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి ఉన్నాయి."

"నా దగ్గరున్నది నల్లదే. మెడలో మీ నంబరే ఉంది."

టైలరమ్మ నోరు వెళ్ళబెట్టింది. "నల్లదారం గానీ వాడారా అత్తయ్యా?" అని అడిగితే అత్తగారు సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఏమోనమ్మా, నావీ ఒక కళ్ళేనా?" అని దాటేసింది. ఇంకొకరు ఫోన్ చేశారు. మళ్ళీ నల్లదే.

"ఎక్కడ కొన్నారండీ?" ఈసారి గట్టిగానే అడిగింది.

"నేను కొనలేదు, మా ఆఫీసాయన ఇచ్చాడు."

"ఆయన ఎక్కడ కొన్నారట?"

"బాగుందమ్మా! ఇచ్చినవాణ్ణి పట్టుకుని ఎక్కడ కొన్నావని అడుగుతామా?"

నిజమే. బహుమతి కొనేది ఒకరు, దాచుకునేది మరొకరు. దాచుకున్నవాళ్ళకి ఏ కొట్టో తెలియదు. ఇంత చిన్న సంగతి తట్టనందుకు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. సోమవారం ముంచుకొస్తోంది, తనేమో రంగులు పట్టుకుని కూర్చుంది.

శనివారం పొద్దున ఒకమ్మాయి ఫోన్ చేసి, "కాలు విరిగి ఆస్పత్రిలో ఉంటే మా మేనమామ తెచ్చాడండీ, ఇంకో రెండు కావాలి" అంది. ఆస్పత్రి అన్న మాట వినగానే టైలరమ్మకి చటుక్కున తట్టింది. అత్తగారు రోజూ పొద్దున్నే వెళ్ళేది అక్కడికే. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ఆస్పత్రి గేటు పక్కన, బస్సు ఆగేచోట, బెంచీ మీద కూర్చుని ఉంది అత్తగారు. ఒళ్ళో సంచి. బస్సు దిగినతను ఒకడు గబగబా గేటు దాకా వెళ్ళి, ఖాళీ చేతులు చూసుకుని ఆగిపోయాడు.

"చేతులూపుకుంటూ వెళ్తున్నావేం నాయనా? లోపలెవరు?"

"మా బావమరిదండీ. కంగారులో ఏమీ తేలేదు."

"ఇది పట్టుకెళ్ళు. మంచానికి కట్టు, కళ్ళు తెరవగానే కనబడుతుంది."

అతను డబ్బిచ్చి, నల్లముక్కు పిట్టను జాగ్రత్తగా గుప్పిట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. టైలరమ్మ వచ్చి ఎదురుగా నిలబడేసరికి అత్తగారు దొంగ దొరికినట్టు సంచి మూసేసింది.

"నల్లముక్కులెందుకు అత్తయ్యా?"

"నీ లెక్కలో కలవకూడదనే. నువ్వంత కష్టపడి మూడు రంగులు పెట్టుకుంటే పాడు చేస్తానా? డబ్బు కూడా నీ బొత్తాల డబ్బాలోనే వేస్తున్నాను. నువ్వు చూస్తేగా!"

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే మానిపిస్తావు. మోకాళ్ళంటావు, ఎండంటావు."

"మరి ఈ మోకాళ్ళతో మీకెందుకింత యాతన?"

అత్తగారు ఒళ్ళో సంచి సర్దుకుంది. "నువ్వు పోయి ఆ ఎడమ చేతులు కుట్టుకుంటుంటే, కిటికీ పక్కన నేనెవరితో మాట్లాడను? నా ముక్కులెవరిక్కావాలి?"

ఫ్యాక్టరీ తనొక్కదాని బెంగే అనుకుంది టైలరమ్మ ఇన్నాళ్ళూ. పక్కనే కూలబడింది.

ఇంకో బస్సు వచ్చి ఆగింది. దిగినామె గేటు దగ్గరికి వెళ్ళి, తన చేతులు చూసుకుని, వెనక్కి తిరిగి అటూ ఇటూ వెతికింది. అత్తగారు సంచి కోడలి ఒళ్ళోకి తోసి, మోచేత్తో చిన్నగా పొడిచింది.

"ఊఁ, ఈసారి నువ్వు అడుగు."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది.