క్లిప్పు డబ్బాలో పడ్డాక

"నాలుగు రోజులు వచ్చి పాపని ఆడిస్తూ ఉండవే బుల్లీ, అంతే" అని అక్క ఫోన్‌లో అడిగినప్పుడు బుల్లికి అది పనిలా అనిపించలేదు. ఆడించడం పనెలా అవుతుంది? ఆ నాలుగు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. బట్టల సంచిలో అడుగున పెట్టుకుని తెచ్చుకున్న సైన్సు పుస్తకం ఇంకా అడుగునే ఉంది. పదో తరగతి పరీక్షలు మాత్రం దగ్గరికొచ్చేస్తున్నాయి.

అక్కకు ప్రసవం సెలవు అయిపోయి మళ్ళీ ఆఫీసు మొదలైంది. బావకు మధ్యాహ్నం షిఫ్టు, ఉదయమంతా ఇంట్లోనే ఉంటాడు. కానీ ఇంట్లో ఉండటం వేరు, పాప దగ్గర ఉండటం వేరు అని ఆ ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. బావ వాళ్ళమ్మ, అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. మంచం దిగకుండానే ఇల్లంతా నడిపిస్తుంది. ఇక అక్క, పొద్దున్నే చెప్పులేసుకుంటూ బుల్లి వైపు ఒక్కసారి చూస్తుంది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంటుంది. దానికి బుల్లి ఏం జవాబు చెప్పగలదు? అసలు బుల్లి ఎవరికీ గట్టిగా జవాబు చెప్పిన పిల్ల కాదు. క్లాసులో లేపి నిలబెడితే చెవులు ఎర్రబడి, వచ్చిన సమాధానం కూడా గొంతులోనే ఉండిపోయేది.

పాపకు కూర్చోవడం వచ్చింది, పాకడం సగం వచ్చింది, విసుగు మాత్రం పూర్తిగా వచ్చేసింది. కొన్న బొమ్మల్ని ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని రుచి చూసి, అవతల పడేసి, ఇంకేముంది అన్నట్టు మొహం పెట్టేది. బుల్లి వంటింట్లోకి పరిగెత్తేది. స్టీలు గ్లాసు, చెక్క గరిటె తెచ్చిచ్చింది. ఆ మోతకు పాప మురిసిపోయింది గానీ, గ్లాసులకు సొట్టలు పడతాయని అత్తయ్య మంచం మీంచే అంది. ఖాళీ సీసాలో గుప్పెడు పప్పులు పోసి మూత బిగించి ఊపితే, తిండి గింజలతో ఆటలేమిటని అంది. సరేనని పాత చున్నీని డబ్బాలో కుక్కి, కొస మాత్రం బయటికి వదిలింది. పాప లాగింది, లాగింది, ఇది ఎక్కడ అయిపోతుందో తేల్చుకుందామన్నట్టు లాగుతూనే ఉంది. చివరికి పాలపొడి డబ్బా మూతకు చిల్లు కోసి, బట్టలకు పెట్టే పెద్ద క్లిప్పుల్ని అందులోంచి వెయ్యడం నేర్పింది. క్లిప్పు టంగుమని పడగానే పాప మొహం వెలిగిపోయేది.

"నీ చేతిలో ఏదో ఉందే" అంది అత్తయ్య. బావ పేపర్లోంచి తలెత్తకుండానే, "ఆడపిల్ల కదమ్మా, ఇవన్నీ పుట్టుకతోనే వచ్చేస్తాయి" అన్నాడు.

బుల్లికి గర్వంగానే అనిపించింది. ఉన్నమాట ఒప్పుకోవాలి. ఏ బడిలోనూ ఎవరూ తనని అంతగా మెచ్చుకోలేదు. అయితే ఆ సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతుంటే పక్క గదిలోంచి బావ గొంతు వినబడింది. "పరీక్షలదేముంది, వచ్చే ఏడు రాసుకుంటుంది. ఇలా ఆడించే మనిషి మనకెక్కడ దొరుకుతుంది?" అక్క ఏమంటుందోనని బుల్లి చేతిలో చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క బీరువా తలుపు వేసిన చప్పుడు మాత్రం వినబడింది.

మర్నాడు పాపను ముందు కూర్చోబెట్టుకుని బుల్లి తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏముంది వీటిలో? గోళ్ళ కింద నిన్నటి పసుపు తప్ప ఏమీ కనిపించలేదు. పుట్టుకతో వచ్చిందంటే ఎలా తెలుస్తుంది? సైన్సు టీచరమ్మ చెప్పేది గుర్తొచ్చింది: ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. ముందు డబ్బా మార్చింది. పాప ఆడింది. గది మార్చింది. ఆడింది. క్లిప్పుల బదులు చెంచాలు పెట్టినా ఆడింది. ఇక మార్చడానికి మిగిలింది తనే. పాప క్లిప్పు వేసే సమయానికి బుల్లి తల తిప్పి గోడ వైపు చూసింది. టంగుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఓరకంట చూస్తే పాప తన మొహం కోసమే చూస్తోంది. కింది పెదవి మెల్లగా ముందుకొచ్చింది, వణికింది, ఆపైన ఏడుపు అందుకుంది. బుల్లి గబుక్కున ఎత్తుకుని గుండెలకు అదుముకుంది. అంటే పాపకు కావాల్సింది డబ్బా కాదన్నమాట. పడింది చూశావా అని అడుగుతుంది, చూశానని చెప్పే మొహం ఒకటి కావాలి. అది చేతుల్లో ఉండేది కాదు. మరి ఆ మొహం ఆడదానిదే కావాలా?

దానికి జవాబు అనుకోకుండా దొరికింది. బావ మొహానికి నురగ రాసుకుని అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. వెనక నేల మీద పాప క్లిప్పు వేసింది. అది అద్దంలో కనబడగానే బావ ఆ నురగ మొహంతోనే కళ్ళు ఇంతింత చేసి, కనుబొమ్మలు ఎగరేశాడు. పాప కిలకిల నవ్వింది. పొట్ట అదిరేలా, ఊపిరి అందకుండా నవ్వింది. అలాంటి నవ్వు బుల్లి దగ్గర ఒక్కనాడూ నవ్వలేదు. ఇంకో క్లిప్పు, ఇంకో నవ్వు. అప్పుడు తలుపు దగ్గరున్న బుల్లి కంటబడగానే బావ దొరికిపోయినవాడిలా చటుక్కున మొహం మామూలుగా పెట్టేశాడు. "తీసుకెళ్ళు బుల్లీ, నాకివన్నీ చేతకావు" అన్నాడు.

బుల్లి పాపను ఎత్తుకుని వచ్చేసింది. విచిత్రంగా సంతోషం కలగలేదు. తన వస్తువేదో ఎవరో తీసేసుకున్నట్టు అనిపించింది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే ఈ ఇంట్లో తన చెయ్యి చల్లని చెయ్యిగానే ఉంటుంది. సైన్సు పుస్తకం సంచి అడుగునే ఉంటుంది. ఆ రోజంతా మనసులో ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున అక్క జడ వేసుకుంటుండగా బావ బుల్లి వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాడు. ఇంకొన్నాళ్ళు ఉంచండి మామయ్యా, ఈ ఏడు చదువు పోతే పోయింది, బుల్లి లేకపోతే పాప మా ఎవరి దగ్గరా ఉండదు అని నచ్చజెబుతున్నాడు.

"ఉంటుంది" అంది బుల్లి.

చెవులు భగ్గుమన్నాయి. మంచం మీద అత్తయ్య తల తిప్పింది. అక్క జడ పాయలు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. బుల్లి డబ్బా తెచ్చి బావ కాళ్ళ దగ్గర పెట్టింది, పాపను దాని ముందు కూర్చోబెట్టింది.

"క్లిప్పు డబ్బాలో పడ్డాక పాప మీ మొహం చూస్తుంది బావా. అప్పుడు మీరు చూస్తే చాలు. నిన్న అద్దంలో చూశారే, అలాగ."

పాప క్లిప్పు వేసింది. తలెత్తింది. బావ చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. అటు చూడకూడదనే అనుకున్నాడేమో, కానీ ఆ మొహం ముందు ఎవరు మాత్రం నిలవగలరు? కనుబొమ్మలు వాటంతటవే లేచాయి. పాప పకపకా నవ్వింది. ఎవరలా నవ్వేది అని ఫోన్‌లోంచి నాన్న అడగడం అందరికీ వినబడింది.

అక్క జడ సగంలో వదిలేసి వచ్చి, బావ చెవి దగ్గరి ఫోన్ తీసుకుంది.

"మీకిది వచ్చన్నమాట" అంది ఆయనతో, మెల్లగా. తర్వాత ఫోన్‌లో అంది. "నాన్నా, ఈ పూటే బుల్లిని బస్సెక్కిస్తున్నా. దానికి పరీక్షలున్నాయి."

బుల్లి లోపలికి వెళ్ళి సంచి తెరిచింది. వెనక టంగుమని మరో క్లిప్పు పడింది. అలవాటుగా తల తిప్పబోయి ఆగిపోయింది. ఇప్పుడు చూడాల్సింది తను కాదు.