తెల్లచీర మలుపు

నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, కాలువ వంతెన దాటాక వచ్చే మలుపును డ్రైవర్లు తెల్లచీర మలుపు అంటారు. అక్కడ తెల్లచీర కట్టిన ఆడమనిషి చెయ్యెత్తి లారీ ఆపుతుందని, ఆపినవాడు ఇల్లు చేరడని చెప్పుకుంటారు. ఆ దయ్యాన్ని పుట్టించింది మలుపు దగ్గర మక్కకంకులు కాల్చి అమ్మే జమ్లీ.

నిరుడు వానల్లో ఆమె చెల్లెలు నందినిని ఆ మలుపులోనే ఏదో లారీ గుద్ది చంపి, ఆగకుండా పోయింది. చూసినవాళ్లు లేరు. పోలీసులు కొన్నాళ్లు తిరిగి ఊరుకున్నారు. జమ్లీ ఊరుకోలేదు. ఆ రోజు చెల్లెలికి తానిచ్చి పంపిన నల్ల గొడుగు కాలువ దిగువన తుంగలో చిక్కుకుని దొరికితే, ఎవరికీ చెప్పకుండా దాచింది. మలుపు దగ్గర కంకుల బండి పెట్టింది. ఆగిన ప్రతి డ్రైవరుకీ దయ్యం కథ చెప్పేది, కావాలనే తప్పుగా. చెప్తూ మొహాలు చూసేది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. మిల్లులకు పోతున్న రెండు ఖాళీ లారీలు ఆగాయి. డ్రైవర్లలో ఐలన్నది రోజూ ఇదే దారి. కోదాడ సత్యానందం మాత్రం ఏడాదిగా ఇటు రాలేదు.

"చెల్లె, నీ దయ్యం నిన్న నాకు కనపడ్డది. కిరాయి ఎంతిస్తవంటే మాయమైంది," అన్నాడు ఐలన్న.

"నీ మొహం సూసి జడుసుకున్నదేమో అన్నా."

జమ్లీ కంకి తిప్పుతూ సత్యానందం వైపు తిరిగింది. "తెల్లచీర కట్టుకొని, చెయ్యి గిట్ల ఎత్తి..."

"చెయ్యెక్కడ ఎత్తింది?" సత్యానందం విసుక్కున్నాడు. "గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని వస్తే ఆమెకి బండెట్టా కనపడిద్ది?"

ఐలన్న నమలడం ఆపాడు. "గొడుగేందిరా? గీ కథల గొడుగు లేదు గద."

"ఎవరో అన్నారులే."

"ఎవలన్నరు?" జమ్లీ అడిగింది.

సత్యానందం కంకి అక్కడే పెట్టేసి గబగబా లారీ ఎక్కాడు. జమ్లీ బండి కింద నుంచి గొడుగు తీసింది. చువ్వలు విరిగి ఒకవైపు వాలిపోయింది. దాన్ని విప్పి పట్టుకుని లారీ ముందు నిలబడింది.

సత్యానందం ఇంజను స్టార్టు చేశాడు. "తప్పుకోమ్మా."

"ఇప్పుడు కనపడ్తున్ననా అన్నా?"

ఐలన్న అవతలి తలుపు తీసి, చెయ్యి చాచి, తాళంచెవి లాగేసుకున్నాడు. తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు.

కాసేపటికి వాన తెరిపిచ్చింది. జీపు వచ్చేదాకా జమ్లీ గొడుగు ముడవలేదు.