గంట మోగని పందెం

ఆ సంవత్సరం వానాకాలపు రేసుల సీజను పన్నెండు రోజులని ప్రకటించి, ఎనిమిది రోజులతో ముగించారు. కారణాలకు కొదవ లేదు. మే నెలలో రైళ్లు నిలిచిపోవడంతో బొంబాయి, బెంగుళూరు గుర్రాలు సగం రానేలేదు. వచ్చినవాటిలో కొన్నింటికి దగ్గు పట్టుకుంది. అయిదు గుర్రాలైనా బరిలో లేని పందాన్ని రద్దు చేయాలని నిబంధన. ఆగస్టు వానలు రెండు శనివారాలను మింగేశాయి. ఇవన్నీ నిజాలే. వానను, రైల్వే సమ్మెను నేను నిందించను. నా అభియోగం ఒక నోటీసు మీద.

మా గుర్రం పేరు సౌదామిని. పుట్టినప్పుడు దాని ముందరి కుడికాలు మోకాలి దగ్గర లోపలికి వంగి ఉంది. "ఎందుకొచ్చిన బాధ, సూది వేసి పంపించెయ్యండి డాక్టరుగారూ" అన్నాడట ఆ గుర్రాల ఫారం మేనేజరు. మావారు పశువైద్యులు. సూది వేయలేదు. పిల్లను మదీనాగూడలోని మా నాలుగెకరాలకు తెచ్చి, వెదురు బద్దలు కట్టి, వారం వారం కట్లు మార్చి, పదకొండు వారాల్లో కాలు నిటారు చేశారు. "ఈ కాలు గెలుస్తుంది, రాజేశ్వరీ" అన్నారు. అది చూడకుండానే మరుసటి ఏడు పోయారు. ముప్పై ఏళ్లు బాలికల పాఠశాలలో జీవశాస్త్రం చెప్పినదాన్ని నేను. రుజువు కాని మాటను మాటగా వదిలేయడం నాకు చేతకాదు.

రుజువుకు గడువు ఉంది. ఆరో ఏట అడుగుపెట్టేలోగా ఒక్క పందెమైనా గెలవని గుర్రం పేరును పట్టిక నుంచి కొట్టివేస్తారు. సౌదామినికి అది ఆఖరి సీజను.

అంతకుముందు పదకొండు పందాల్లో ఓడింది. కాలి వల్ల కాదు, టేపు వల్ల. పందెం మొదలయ్యే చోట గుర్రాల ఛాతీ ఎత్తున అడ్డంగా టేపు కడతారు. స్టార్టరు మీట నొక్కగానే అది చటుక్కున పైకి లేస్తుంది. మొదటి పందెంలోనే ఆ టేపు దాని ముఖాన చెళ్లున తగిలింది. అప్పటినుంచి టేపు కనిపిస్తే చాలు, వెనక్కి తిరిగి నిలబడేది.

అందుకే మార్చిలో వచ్చిన ప్రకటన నాకు వరంలా తోచింది. ఇకపై టేపు ఉండదు. గుర్రాలు ఇనుప గేటు అరల్లో నిలబడతాయి. విద్యుత్ గంట మోగగానే తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. నేను వెళ్లి ఆ గేటు కొలతలు స్వయంగా రాసుకున్నాను. సౌదామినిని చూసుకునే సైసు ఎల్లేశం మూసాపేటవాడు. అతని బావమరిది నర్సింహకు బాలానగర్‌లో వెల్డింగు షాపు ఉంది. పది రోజుల్లో అచ్చం అలాంటి ఒక అరను పైపులతో చేసి, ట్రాలీ మీద మా పొలానికి తెచ్చి దించాడు. నేను బడి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంటను ఎల్లేశం దాని పక్కనే వేలాడదీశాడు.

"గుర్రానికి బడి పెడుతున్నవా బావా? పలక గూడ కొనిస్తవా ఏంది?" అన్నాడు నర్సింహ.

"కొనిస్త తియ్యి. నీ లెక్క నాలుగో తరగతి తప్పదు మా బిడ్డ."

"ఇగ చూడు, పెద్దమ్మ ముంగట నా ఇజ్జత్ తీస్తవు!"

వేసవి అంతా అదే పని. అరలో ఉలవలు పెట్టాం. మొదట తల పెట్టింది, తర్వాత ముందరి కాళ్లు, పందొమ్మిదో రోజున మొత్తంగా లోపలికి వచ్చింది. ఆపై వెనక తలుపు మూశాం. ఆపై గంట కొట్టి ముందు తలుపు తెరిచాం. జూన్ నాటికి సౌదామిని అరలో శిలలా నిలిచేది. గంట మోగితే విల్లు నుంచి బాణంలా వెళ్లేది. గంట లేకుండా తలుపు తెరిచినా కదిలేది కాదు. ఆ చివరి సంగతి చూసి నేను గర్వపడ్డాను. అప్పుడే భయపడి ఉండవలసింది.

జులైలో మొదటి పందెం, గేటు నుంచి. రెండో స్థానం. మెడంత దూరంలో గెలుపు తప్పింది. "వచ్చేసారి మనదేనండి, రాసిపెట్టుకోండి" అన్నాడు ట్రైనరు చలపతిరావు. రాసిపెట్టుకున్నాను. వచ్చేసారి నాలుగే గుర్రాలు. రద్దు. ఆపై వాన. ఆపై మళ్లీ నాలుగే గుర్రాలు. సెప్టెంబరులో వేరొక పందెంలో గేటు తలుపు ఒకటి బిగుసుకుపోయి, ఓ గుర్రం భుజం చీరుకుంది. విడిభాగం విదేశం నుంచి రావాలట. మర్నాడే నోటీసు అంటించారు. సీజనులో మిగిలిన పందాలన్నీ పూర్వంలాగే టేపుతో నడుస్తాయి. సౌదామినికి మిగిలింది ఒకే పందెం, పదకొండు రోజుల్లో.

"మళ్లీ టేపుకు అలవాటు చేసేద్దామండి" అన్నాడు చలపతిరావు.

వారం రోజులు తెల్లవారుజామున ప్రయత్నించాడు. విచిత్రమేమంటే, సౌదామిని ఇప్పుడు టేపును చూసి వెనక్కి తిరగలేదు. అన్ని గుర్రాలకన్నా బుద్ధిగా, చెవులు నిక్కించి, టేపు ముందు నిలబడింది. టేపు లేచింది. పక్క గుర్రాలు వెళ్లాయి. అది అలాగే నిలబడి ఉంది. మొదట భయం దాన్ని ఓడించింది. ఇప్పుడు నా క్రమశిక్షణ ఓడించబోతోంది.

నేను రేసుల కార్యదర్శి విశ్వేశ్వరరావును కలిశాను. ఖద్దరు చొక్కా, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, ఎదుటివారి మాట సగంలో ఉండగానే నవ్వే అలవాటు.

"టేపైనా గేటైనా పరుగెత్తేది ఆ నాలుగు కాళ్లే కదండీ రాజేశ్వరిగారూ!"

"పరుగు గురించి నేను రాలేదు. బయలుదేరడం గురించి వచ్చాను. మీ మార్చి ప్రకటన నమ్మి గుర్రానికి గంట నేర్పాను. టేపు లేచే క్షణానే ఒక్క గంట కొట్టించండి, అన్ని గుర్రాలకూ వినబడేలా."

"నిబంధనల్లో ఏర్పాటు లేదండీ."

"వద్దన్న నిబంధన చూపించండి."

పుస్తకం నా ముందుకు తోశాడు. నలభై ఒక్క పేజీలు అక్కడే కూర్చుని చదివాను. అతను రెండు టీలు తాగాడు.

"వద్దని ఎక్కడా లేదు" అన్నాను.

"కొట్టమని కూడా లేదు కదండీ!"

"సీజను మధ్యలో టేపుకు తిరిగి వెళ్లమని ఏ పేజీలో ఉంది?"

అతను నవ్వి, అమ్మగారికి రిక్షా దొరికిందేమో చూడమని ప్యూనును పిలిచాడు.

పందెం రోజున ఎల్లేశం నన్ను పక్కకు పిలిచాడు. భుజాన గుడ్డసంచి.

"అమ్మా, గంట గీ సంచిల ఉన్నది. కంచె పక్కపొంటి నిలబడి ఒక్కటే దెబ్బ కొడ్త. ఎవనికెరుక?"

"నాకెరుక."

"గెలుస్తదమ్మా!"

"గెలుస్తుంది. అప్పుడు డాక్టరుగారు కట్టిన కాలు గెలిచిందో, నువ్వు దొంగచాటుగా కొట్టిన గంట గెలిచిందో ఎవరు చెబుతారు ఎల్లేశం?"

"సారు ఉంటే కొట్టుమంటుండె" అన్నాడు నేల చూస్తూ. సంచిని మాత్రం నా చేతికిచ్చాడు. "సదువుకున్నోళ్లతోని శాన పరేషానమ్మా!"

అయిదు గుర్రాలు. ఆరు ఫర్లాంగులు. మావారి స్టాప్‌వాచీ నా చేతిలో ఉంది. టేపు లేచిన క్షణాన నొక్కాను. నాలుగు వెళ్లాయి. సౌదామిని కదలలేదు. చెవులు నిక్కించి, నేను నేర్పినది నేర్పినట్టుగా, రాని గంట కోసం నిలబడింది. ఒకటి. రెండు. మూడు. సంచిలో గంట నాలుకను నా వేళ్లే అదిమిపట్టి ఉన్నాయని అప్పుడు గమనించాను. నాలుగో సెకనులో జాకీ కొరడా దెబ్బకు అదిరిపడి బయలుదేరింది.

తర్వాతి పరుగును చూసినవాళ్లు కొద్దిమంది, ఎందుకంటే అందరి కళ్లూ ముందున్నవాటి మీద ఉన్నాయి. మలుపు దగ్గర చివరి గుర్రాన్ని దాటింది. ఆ కుడికాలు ఒక్కసారి కూడా తడబడలేదు. గెలిచిన గుర్రానికి డెబ్బై ఆరున్నర సెకన్లు పట్టాయి. సౌదామిని డెబ్బై తొమ్మిదో సెకనులో గీత దాటింది, నాలుగో స్థానంలో. నిలబడిన నాలుగు సెకన్లు తీసివేస్తే అది పరుగెత్తినది డెబ్బై అయిదే. నా రుజువు నాకు దొరికింది. దాన్ని నమోదు చేసుకునే గడి మాత్రం ఎవరి దగ్గరా లేదు. రేసు గుర్రాలన్నింటికీ ఏడు మారే జనవరి ఒకటిన పేరు కొట్టేశారు. సౌదామిని మదీనాగూడకు తిరిగొచ్చింది.

గంట కొట్టనివ్వకపోవడం సరైన పనేనని నేటికీ అనుకుంటాను. అంతమాత్రాన కోపం తగ్గలేదు.

మార్చిలో చలపతిరావు వచ్చాడు, మొహమాటంగా.

"విడిభాగం వచ్చేసిందండి. వచ్చే సీజను మళ్లీ గేటే. కొత్త గుర్రాలకు నేర్పడానికి మీ ఇనుప అర కావాలని కార్యదర్శిగారు..."

"నేర్పడమెందుకు? పరుగెత్తేది ఆ నాలుగు కాళ్లే కదా?"

ఆ గుర్రాలు నాకేమీ అపకారం చేయలేదు. ఇస్తానన్నాను, ఒక్క షరతుతో. ఒక పద్ధతికి అలవాటైన గుర్రం, నేర్పనిదే మరో పద్ధతిలో బయలుదేరలేదని విశ్వేశ్వరరావు సొంత దస్తూరీతో రాసి, సంతకం చేసి పంపాలి. పది రోజులు పట్టింది. కాగితం వచ్చింది. అందులో సౌదామిని పేరు లేదు, విచారమూ లేదు. వాక్యం మాత్రం ఉంది. దాన్ని స్టాప్‌వాచీ ఉన్న పెట్టెలో పెట్టాను. ట్రాలీ అరను తీసుకుపోయింది.

మరునాడు మేత వేళకు సౌదామిని పొలం మధ్యకు నడిచి, అర ఉన్నచోట గడ్డి మొలవని నలుచదరపు నేల మీద కాళ్లు సరిచూసుకుని నిలబడింది. ముందు తలుపు లేదు, వెనక తలుపు లేదు. చెవులు నిక్కించింది.

ఎల్లేశం వరండాలోంచి గంట తెచ్చి, నా వైపు చూశాడు. "కొట్టాలెనా అమ్మా? మల్ల రూలు గీలు ఏమన్న ఉన్నదా?"

"ఇది మన పొలం. కొట్టు."

కొట్టాడు. నేను స్టాప్‌వాచీ తీయలేదు.