రేకుల వాడలో పొయ్యి వెలగని పూట

కంబమందుండి వెలువడి కడపమీదఁ
బసిఁడికశిపుని గర్వంబుఁ బగులఁజేసి
బాలభక్తుని చెఱలెల్లఁ బాపినట్టి
నారసింహునిఁ గొలిచెద నరులకొఱకు.

శ్రమజీవులారా, వేసవి సెలవుల్లో పట్నం పనులకు పోదలచిన విద్యార్థులారా, వినండి.

రోహిణి కార్తె ఎండ నడినెత్తికి వచ్చిన వేళ. హైదరాబాదు పొలిమేరలో, ఇంకా సగమే లేచిన ఒక మహాభవనం కింద, రెండు నిలువుల ఎత్తు రేకుల ప్రహరీ లోపల, గేటును ఆనుకొని రుక్కి పడి ఉన్నది. కంకర తట్టతో పైకెక్కుతూ కూలిన మనిషిని తోటివాళ్లు అక్కడిదాకా మోసుకొచ్చారు. ఒళ్లు పెనంలా కాలుతున్నది. చుక్క చెమట లేదు. కూతురు పల్లవి, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల, తల్లి తలను ఒడిలో పెట్టుకొని 108కి ఫోన్ చేసింది. బండి ఆలస్యం చేయలేదు. దాని కూత రేకుల అవతలికి వచ్చి ఆగింది. గేటుకు బయటినుంచి తాళం ఉన్నది.

బయట గొడుగు నీడన కూర్చొనే సూపర్‌వైజరు దినేశ్, తాళంచెవి తన దగ్గర లేదన్నాడు. అది అతని మేనమామ, కాంట్రాక్టరు ఉపేందర్ దగ్గర ఉన్నది. ఉపేందర్ ఫోన్ ఎత్తడం లేదు. తాళం పగలగొట్టమని బండివాళ్లు అన్నారు. మామను అడగకుండా పగలగొడితే తన కొలువు పోతుందని దినేశ్ అన్నాడు. అప్పుడు ఆ బండిలో వచ్చిన యువకుడు నేలమీద బోర్లా పడుకొని, గేటు కింది జానెడు సందులోంచి చెయ్యి లోపలికి చాచి, రుక్కి మణికట్టు పట్టుకొన్నాడు. లోపలి జనమంతా ఆ చేతినే చూస్తూ నిలుచున్నారు. కొంతసేపటికి ఆ చెయ్యి మణికట్టును మెల్లగా మట్టిమీద ఉంచి వెనక్కి పోయింది.

ఉపేందర్ కారు ఆ తరువాత వచ్చింది.

ఈ తాళం పుట్టుక చెప్పాలి. యాసంగి కోతలు ముగిసి ఊళ్లలో పని అడుగంటగానే ఉపేందర్ పల్లెలు తిరుగుతాడు. తొర్రూరు దగ్గర భూములున్న ఇంటివాడు. తెల్లని బట్టలు, మెత్తని మాట. ముసలివాళ్లను బాపూ అని, ఆడవాళ్లను అక్కా అని పిలుస్తాడు. మనవాళ్ల దగ్గర పనిచేస్తే ధీమాగా ఉంటుందని చెబుతాడు. ఈ ఏడు జనగామ వైపు నుంచి ఇనుప రాడ్లు వంచేవాళ్లను, మానుకోట వైపు నుంచి మట్టిపనివాళ్లను, భూపాలపల్లి జిల్లా రేగొండ, టేకుమట్ల వైపు నుంచి తట్టలు మోసేవాళ్లను తెచ్చాడు. పల్లవికి కాలేజీ సెలవులు. ఎండకాలమంతా ఇంట్లో కూర్చోవడమెందుకు, పట్నం చూద్దాం రమ్మని రుక్కి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చింది.

వాళ్లకు పట్నం కనబడలేదు. బస్సు తెల్లవారకముందే వారిని గేటు లోపల దింపింది. నాటి నుంచి నాలుగు వైపులా రేకులే. ఆ రేకుల మీద పచ్చని తోటలూ, నవ్వుతున్న సంసారాలూ రంగుల్లో అచ్చువేసి ఉన్నాయట, అవి బయటివైపు. లోపలివైపు తుప్పు. బస్సుల చప్పుడు వినిపిస్తుంది, బస్సు కనబడదు. ఎక్కడో పెళ్లి బాజాలు వినిపిస్తాయి, పెళ్లివారు కనబడరు. పై అంతస్తుకు తట్ట మోసినప్పుడు మాత్రం దూరాన ఇళ్ల సముద్రమొకటి దుమ్ములో తేలుతూ కనిపించేది; ఒక్క క్షణం నిలబడి చూస్తే దినేశ్ కిందినుంచి ఈల వేసేవాడు. ఉప్పైనా పప్పైనా అతడే తెచ్చి ఇవ్వాలి.

ఇనుము దొంగలు ఎత్తుకుపోకుండా తాళమని ఉపేందర్ చెప్పాడు. నిరుడు వేసవిలో ఒక జట్టు వేరే మేస్త్రీ దగ్గరికి వెళ్లిపోయింది కనుకనే ఆ తాళం పుట్టిందని అందరూ ఎరుగుదురు. ఎరిగీ ఊరుకొన్నారు. కొత్త కాడి మొదట మెడను ఒరుస్తుంది. తరువాత మెడ కాయకాచి కాడిని మరచిపోతుంది.

లోపల మరొక గోడ ఉన్నది. దానికి రేకులు లేవు. మూడు దిక్కులవాళ్లూ మూడు వరుసల షెడ్లలో, ఎవరి పొయ్యి వారిదిగా ఉండేవారు. నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే యుద్ధమే. జనగామవాళ్లు భూపాలపల్లివాళ్లను అడవి మనుషులనేవారు. రేగొండ కాటమయ్య నోటికి అదుపు లేనివాడు. "జనగామోళ్లకు నిండు బిందె కనవడితే దండం వెట్ట బుద్ధయితది, పోనియ్యుండ్రి" అని, జనగామ కరువును ఎత్తిపొడిచి ఎదురు నవ్వించేవాడు. మానుకోట వరుసలో యాకమ్మ పెద్దది. శనివారం ఒక్కపొద్దు విడువని మనిషి, దేవుడి మాట ముందు మనుషుల మాట వినని మనిషి. బిందెల వరుస దగ్గర రుక్కితో తగువుపడి మాటలు మానేసింది. ఉపేందర్ ఈ కలహాలను ఏనాడూ తీర్చలేదు. రెండో ట్యాంకరు పంపితే తీరిపోయేవి, అతడు పంపలేదు.

ఇక ఆ మధ్యాహ్నానికి వద్దాం. ఉపేందర్ గేటు తీయించి లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, శవానికి మొక్కాడు. కళ్లు తుడుచుకొన్నాడు. తానూ ఆ దిక్కువాడినేనని, తనకూ బాధేనని అన్నాడు. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడానని, అది వెనుకవైపు చెత్త పోసే సందు దగ్గరికి వస్తుందని, దాని తాళం కూడా తీయిస్తానని, టార్పాలిన్ కప్పి తల్లిని ఊరికి తీసుకొని పొమ్మని పల్లవికి చెప్పాడు. మిగిలినవాళ్లు గుండె దిటవు చేసుకోవాలి. సాయంత్రం చల్లబడగానే స్లాబు పోయాలి, మిక్సర్ లారీలు బయలుదేరుతున్నాయి.

పల్లవి తల ఎత్తింది. సర్కారు దవాఖానకు తీసుకుపోవాలని, ఎండకు పడిపోయిందనీ గేటుకు తాళముండి చచ్చిపోయిందనీ డాక్టరు రాయాలని అడిగింది.

"గుండె ఆగింది బిడ్డా. ఎవలదైన ఆగుతది," అన్నాడు ఉపేందర్. "దవాఖానల కోస్తరు. కన్నతల్లిని కోయిస్తవా?"

పల్లవి తల్లి నుదుటి మీది దుమ్ము తుడిచింది. ఆమెకు ఒక్కటే తెలుస్తున్నది: అమ్మ ఆ వెనుక సందులోంచి పోతే, ఈ తాళం గురించి లోకంలో ఎవరూ ఎవరినీ అడగరు. రేపటి ఎండలో మరొకరు ఇక్కడే పడతారు.

"గేటు కాడ పానం పోయింది," అన్నది. "మా అమ్మ గేట్లకెల్లే పోతది."

ఉపేందర్ చెప్పులు తొడుక్కొన్నాడు. బయటికి నడిచాడు. గేటు మళ్లీ మూసుకొన్నది. తాళం పడిన చప్పుడు శవం పక్కన కూర్చొన్న ప్రతివారికీ వినిపించింది.

లోపల వాదన మొదలైంది. ఊళ్లో శవం ఉండగా పొయ్యి ముట్టించరు, పనికి పోరు, గుడి తలుపులు కూడా తీయరు, అదే ఇక్కడా చేద్దామన్నాడు కాటమయ్య. ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో హాస్యం లేదు. రాడ్లు వంచే జట్టులో ముందుండే సందీప్ ఒప్పుకోలేదు. అతడు చెడ్డవాడు కాదు, ఆకలి ఎరిగినవాడు. స్లాబు ఆపితే పక్క ప్రహరీలో ఉన్న ఒడిశా కూలీలను ఉపేందర్ రేపే దింపుతాడని, అప్పుడు ఇంత ఎండలో ఇన్నాళ్లు పడ్డ కష్టానికి రావలసిన కూలి అంతా మట్టిపాలవుతుందని వాదించాడు. పాపమే, కాని మనమేం చేయగలమన్నాడు.

రేకుల అవతలి నుంచి ఉపేందర్ గొంతు వినిపించింది. అంతా విన్నాడు.

"ఇది ఊరా? ఆమెది టేకుమట్ల, మీది మానుకోట, వాళ్లది జనగామ. పరాయి పీనుగకు మీకేం అంటు? బియ్యం, కోడికూర పంపిస్తున్న. వండుకొని, కడుపునిండ తిని, పనికెక్కుండ్రి."

మాట ప్రకారం బియ్యమూ, కోసిన కోళ్లూ వచ్చాయి. చావు జరిగిన చోట విందు సామాను. అయినా ఆకలి ఆకలే. జనగామ వరుసలో పొయ్యిలు రాజుకొన్నాయి. మానుకోట వరుసలో కూడా రాజుకొన్నాయి. టేకుమట్లవాళ్ల వరుస ఒక్కటి చల్లగా ఉన్నది. ఉపేందర్ గీసిన గీత ఆ పొగలో స్పష్టంగా కనబడింది.

యాకమ్మ పొయ్యిమీద ఎసరు మరుగుతున్నది. ఆమె లేచి, పక్కనున్న బిందె ఎత్తి, పొయ్యిలో పోసింది. బుస్సుమని బూడిద లేచింది. కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి కాలితో ఆర్పింది. అందరూ తిరిగి చూశారు.

"నేను రుక్కితోని మాట్లాడక శాన దినాలాయె," అన్నది. "బిందె కాడ కొట్లాడినం. కొట్లాడినమంటే ఒక్క ట్యాంకరు నీళ్లే తాగినట్టు గదా. ఒక్క నీళ్లు తాగినోళ్లకు అంటు లేదని ఏ అయ్యగారు చెప్పిండు? పీనుగ ఊర్ల ఉన్నది. పొయ్యి ముట్టియ్యొద్దు. గిదే మన ఊరు."

అశౌచం రక్తాన్ని బట్టి, గోత్రాన్ని బట్టి వస్తుందని శాస్త్రం. ఒకే ఎండలో ఒకే తట్ట మోసినవారి సంగతి అక్కడ లేదు. లేనిచోట ధర్మాన్ని మనుషులే నిలబెట్టుకోవాలి. యాకమ్మ నిలబెట్టింది. ఆమె వరుసలో పొయ్యిలు ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి. జనగామ వరుస మాత్రం కాసేపు కదలలేదు. తరువాత సందీప్ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, ఉడుకుతున్న కూరగిన్నెను దించి గేటు సందులోంచి బయటికి తోసేశాడు. తన జట్టును పిలిచి, స్లాబు కింద ఊతంగా నిలిపే సెంట్రింగు బొంగులు తెమ్మన్నాడు. రాడ్లు కట్టే తీగతో వాళ్లే పాడె కట్టారు. మూడు వరుసలవాళ్లూ మొదటిసారి ఒక్కచోట కూర్చొన్నారు. ఏమేమి అడగాలో అక్కడే తేల్చుకొన్నారు: శవం సర్కారు దవాఖానకు పోవాలి, నిజం రాయాలి, గేటుకు ఇక తాళం ఉండకూడదు, ఎండ దిగేదాకా ఎవరూ తట్ట ఎత్తకూడదు. ఉన్నవాళ్ల కోసమే గాక, ఈ గేటులోకి ఇకపై రాబోయేవాళ్ల కోసం కూడా.

సాయంత్రం ట్రాలీ ఆటో చెత్త సందు దగ్గరికి వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ అటు పోలేదు. ఇంతలో మిక్సర్ లారీలు పొట్టలు తిప్పుకొంటూ గేటు ముందు వరుస కట్టాయి. లారీ లోపలికి రావాలంటే గేటు తీయాలి. మామ ఇచ్చిన తాళంచెవితో దినేశ్ తీశాడు. రెండు రెక్కలూ తెరుచుకొన్న చోట రుక్కి పాడె ఉన్నది. దాని వెనుక జనం. డప్పు లేదు, తట్టలు బోర్లించి కొడుతున్నారు.

ఉపేందర్ మొదట చేతులు జోడించాడు. తరువాత అరిచాడు. తరువాత మళ్లీ జోడించాడు. మిక్సర్‌లో కలిపిన మాలు ఆలస్యమైతే రాయి అవుతుంది. ఆ సంగతి అక్కడున్న ప్రతివారికీ తెలుసు.

"దారి ఇయ్యుండ్రి. మాలు ఆగదు."

"మాలు ఆగదంటున్నవ్ పటేలా," అన్నది పల్లవి. "మా అమ్మ ఆగింది గదా, నీ తాళంచెవి వచ్చేదాక."

ముందున్న లారీ డ్రైవరు ఆ మాట విన్నాడు. పాడెను చూశాడు. ఇంజను ఆపి కిందికి దిగి, తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకొన్నాడు. వెనుక లారీలవాళ్లు హారన్లు ఆపారు.

పోలీసులు వచ్చారు. రోడ్డుమీద అప్పటికే జనం గుమిగూడి ఫోన్లెత్తి చూస్తున్నారు కనుక శవాన్ని వెనుక సందులోకి నెట్టడం వారికీ సాధ్యం కాలేదు. దవాఖానకు తీసుకుపోతామని ఒప్పుకొన్నారు. అయితే దారి ఆపినందుకు, పని చెడగొట్టినందుకు కాటమయ్య, యాకమ్మల పేర్లు ఉపేందర్ చెప్పాడు. కాటమయ్యను జీపు దగ్గరికి లాగారు.

"ఎక్కియ్యుండ్రి సారూ," అన్నాడు కాటమయ్య. "పట్నం జూపిస్త అని పటేలు తోల్కచ్చిండు, ఇప్పటిదాక జూపియ్యలే. మీ జీపులనన్న జూస్త."

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. యాకమ్మ చెయ్యి పట్టుకోబోయిన పోలీసుతో ఆమె నెమ్మదిగా, "అంటు మీదున్న కొడుకా, ముట్టకు. నేనే ఎక్కుత," అన్నది. ఎక్కి కూర్చొని పల్లవి వైపు చూసి, తల్లిని ఒంటరిగా విడువవద్దని, జనం లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని చెప్పింది. జీపు కదిలింది.

జీపు పోయిన తరువాత సందీప్, అతని జట్టు గేటు దగ్గరికి వెళ్లారు. కడ్డీలు కింద దూర్చి, ఒక్క ఊపున రెండు రెక్కలనూ బందుల నుంచి పైకి ఎత్తి, నేలమీద పరిచారు. ఉపేందర్ చూస్తూ ఉన్నాడు. దినేశ్ చేతిలో తాళం మిగిలింది; దాన్ని వేయడానికి చోటు లేదు.

పాడె ఆ రెక్కల మీదుగానే రోడ్డెక్కి దవాఖాన దారి పట్టింది. మూడు జిల్లాల మనుషులు, ఇన్నాళ్లు తాము మేడలు కట్టిన నగరంలోకి తొలిసారి నడిచారు. పక్క ప్రహరీ సందుల్లోంచి ఒడిశా కూలీలు చూస్తున్నారు. చనిపోయింది ఎవరో వారికి తెలియదు, భాష తెలియదు. రాడ్లు కట్టే తీగతో బిగించిన పాడెను మాత్రం గుర్తుపట్టారు. వారి షెడ్ల మీద అప్పుడే లేస్తున్న వంటపొగ సన్నగిల్లి, తెగిపోయింది. ఆ పైన మరో ప్రహరీ. అక్కడా అంతే. తట్టల మోత వినిపించినంత మేర, ఆ సాయంత్రం ఏ రేకుల వాడలోనూ ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

ఈ కథ విన్నవారికి, చదివి వినిపించినవారికి నడి ఎండలో నీడ దొరుకుగాక. పరాయి నేలకు పనికి పోయిన బిడ్డలు నిండు ప్రాణాలతో ఇల్లు చేరుదురుగాక. మీ ఇంట కీడు కలిగిన పూట మీ ఊరివారు, ఏ ఊరివారైనా సరే, మీ ఊరివారే అగుదురుగాక. కష్టం గట్టెక్కిన నాడు అందరి పొయ్యిలూ ఒక్కసారే వెలుగుగాక. స్వస్తి.