మూడో చాటింపు

కొడుకు జోజి ఉత్తరం వచ్చిందంటే పటమటలో అమలమ్మ వాకిలి నిండిపోయేది. అమలమ్మకు చదువు రాదు. పక్కింటి శౌరయ్య కూతురు మార్త ఎస్సెల్సీ దాకా చదివింది కాబట్టి చదివిపెట్టే పని ఆమెది. ఆ పనంటే మార్తకు ప్రాణం. ఎందుకు ప్రాణమో అమలమ్మకు తప్ప వీధంతటికీ తెలుసు.

ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ చేసే జోజికి దుబాయిలో పని దొరికింది. ఓడెక్కడానికి బొంబాయి వెళ్ళి నెలన్నరగా అక్కడే ఆగాడు. ఆ రోజు వచ్చిన ఉత్తరం అక్కడిదే. అమలమ్మ చేట పక్కన పెట్టి కూర్చుంది. ఎదురింటి తెరేసమ్మ కూడా చేరింది. మార్త గొంతు సవరించుకుంది.

"అమ్మా, ఈ సాయంత్రం మా ఓడ బయల్దేరుతుంది. ఓడంటే పెద్దదేమీ కాదు, రేవు రేవుకీ ఆగుతూ సరుకులు మోసేది. ఇంకా కదలకుండానే బందరు కాలవలో పడవలా ఊగుతోంది. వంటవాడు కూరలో కొబ్బరినూనె పోశాడు. తినలేక నీ ఆవకాయ జాడీ తీశాను. అంతే, ఓడంతా నా చుట్టూ మూగింది. ఇప్పుడు నాకున్నంత మంది స్నేహితులు కెప్టెనుకు కూడా లేరు."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మార్త తర్వాతి వాక్యం చూసి ఆగిపోయింది.

"ఆగావేంటే?" అంది అమలమ్మ.

"ఏం లేదత్తా. అందర్నీ అడిగానని చెప్పమన్నాడు. అంతే."

"అంత కాగితానికి అంతేనా? ఇటియ్యి," అంటూ తెరేసమ్మ ఉత్తరం లాక్కుని కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. "మా... ర్త... ను..."

మార్తకు తల కొట్టేసినట్టయింది. ఆమె నోట ముక్కలుముక్కలుగా వినడం కంటే తనే చదవడం నయమనుకుని కాగితం మళ్ళీ లాక్కుంది.

"మార్తను నాకిమ్మని శౌరయ్య మామను అడుగు. నేనొచ్చేలోగా ఎవరికైనా ఇచ్చేస్తాడేమోనని భయంగా ఉంది. ఒప్పుకుంటే గుడిలో చాటింపులు ఇప్పుడే వేయించు. ఇది కూడా మార్తే చదువుతుందని నాకు తెలుసు. మార్తా, తల దించుకోకుండా చదువు."

"ఓసి దొంగముఖమా!" అని అమలమ్మ మార్తను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. మార్తకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంత సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

శౌరయ్య మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు. "నీళ్ళ మీద తిరిగేవాడికి పిల్లనెట్టా ఇస్తానమ్మా?" అన్నాడు. మార్త అన్నం మానేసి, గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమింది. ఆ మోత భరించలేక ఆయన దిగొచ్చాడు. కానీ జోజిని అల్లుడని మాత్రం అనలేదు.

పెళ్ళికి ముందు వాళ్ళ గుడిలో మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, అడ్డు చెప్పేవాళ్ళుంటే చెప్పమని అడుగుతారు. అదే చాటింపు. పెళ్ళికొడుకు ఊళ్ళో లేకుండా ఏమిటని ఫాదరుగారు గొణిగారు గానీ అమలమ్మ నోటి ముందు ఎవరు నిలుస్తారు? మొదటి ఆదివారం పేర్లు వినగానే వెనక కుర్రాళ్ళంతా దగ్గారు. రెండో ఆదివారం అమలమ్మ గుడి బయట బూందీ పంచింది.

ఆ శనివారం జోజిని ఓడెక్కించిన బొంబాయి ఏజెంటు టెలిగ్రాం పంపాడు. ఓడ మస్కట్ దగ్గర తుఫానులో మునిగిపోయింది. కొందరిని జాలర్లు ఒడ్డుకు చేర్చారట. పేర్లు ఇంకా తెలియవు.

మర్నాడు పూజ ముగుస్తున్నా ఫాదరుగారు చాటింపు పుస్తకం తెరవలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి మార్త లేచి నిలబడింది.

"ఫాదరుగారూ, మూడోది చదవలేదండీ."

"కబురు తెలియనీ తల్లీ. అప్పుడు చదువుదాం."

"ఇప్పుడే చదవండి. అతను అడిగింది మూడూ కదండీ."

ఫాదరుగారు అమలమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. ఆయన పుస్తకం తెరిచి రెండు పేర్లూ చదివారు. అడ్డు చెప్పేవాళ్ళున్నారా అని అడిగారు.

మగవాళ్ళ వైపు శౌరయ్య లేచాడు. మార్త అటు తిరిగింది. తండ్రి ఇప్పుడు కాదంటే ఇక జోజి కోసం ఎదురుచూసే హక్కు కూడా తనకుండదు.

శౌరయ్య పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

"అడ్డేం లేదండీ," అన్నాడు. "మా అల్లుడొచ్చేదాకా ఆగుతాం."