సగం పాచి

మోకాళ్ల మీద కూర్చోకుండా ఆ పని అవదు. ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టి, దాని కింద చెక్క అల్మరా, అల్మరా తలుపు తీస్తే ఇంకో చిన్న తొట్టి. అందులో రెండు అరచేతులంత గరుకు ప్లాస్టిక్ వల నిలబెట్టి ఉంటుంది. పై తొట్టి నీళ్లు దాని మీదుగా జారుతుంటాయి, పక్కన ఎర్రదీపం వెలుగుతుంటుంది, వలకి ఒత్తుగా పాచి పడుతుంది. ప్రతి శనివారం నేను తల లోపలికి దూర్చి, ఆ వల తీసి, కుళాయి కింద పెట్టి, పాత ప్లాస్టిక్ కార్డుతో సగం పాచి గీకేసి, సగం ఉంచి, మళ్లీ పెట్టేస్తాను. ఆరేళ్లుగా.

తొట్టి మా ఆయనది. అంటే కొన్నది తను, మేత వేసేది తను, ఎదురుగా సోఫాలో కూర్చుని స్నేహితులకు చూపించేది తను. ఊళ్లోవాళ్లకి కారు డ్రైవింగ్ నేర్పే మనిషి కదా, ఏదైనా విడమరిచి చెప్పడం సరదా. “ఎలా మెయింటైన్ చేస్తున్నావురా?” అని వాళ్లడిగితే, “ఒకసారి సెట్ చేశానంతే, దానంతటదే నడుస్తుంది” అంటాడు. దానంతటదే! నేను వంటింట్లో దానంతటదే కాగే టీ కలుపుతూ వింటుంటాను. పనిచేసేచోటా ఇదే వరస. మా పళ్ల డాక్టరు చెయ్యి చాచితే పనిముట్టు తళతళలాడుతూ వస్తుంది. దాన్ని కడిగి, ఉడికించి, తుడిచి పెట్టిందెవరో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లకి కనపడదు. “డాక్టరుగారి చెయ్యి చల్లన” అనేసి పోతారు.

మొదటి ఏడాది గాజుకంతా జిగురు పట్టి అందులో పెంచే పగడపు జీవులు ముడుచుకుపోతే, మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని తొట్టి ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. ఆ కళ్లు చూడలేక, మధ్యాహ్నం అన్నం తినే వేళల్లో ఫోన్లో చదివి చదివి నేర్చుకున్నాను. చేప వదిలేసిన మేత, దాని మలం, అన్నీ నీళ్లలో కరిగి నైట్రేటు, ఫాస్ఫేటు అవుతాయి. వాటిని తినడానికి పాచి రావద్దన్నా వస్తుంది. ఎక్కడ రావాలో మనం చెప్పాలి, అంతే. కింద దీపం పెట్టి కూర్చోబెడితే అది అక్కడే తింటుంది, పైన గాజు తేటగా ఉంటుంది. పెరిగాక సగం తీసి పారేస్తే, అది తిన్నదంతా దానితోపాటే నీళ్లలోంచి పోతుంది. మొత్తం తీశామా, మర్నాటి నుంచి తినే నోరు ఉండదు.

ఈపాటికి మీరు పోలిక వెతుక్కుంటూ ఉంటారు. నన్ను ఆ పాచితో పోల్చకండి. దానికి రోజూ పద్నాలుగు గంటలు దీపం పెడతారు.

ఆమధ్య నాకు జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు. మా ఆయన బంగారం, ఆ మాట ఎక్కడైనా అంటాను. మందులు మింగించాడు, తల దువ్వాడు, చిక్కు తీస్తూ నాకంటే తనే ఎక్కువ “అబ్బా” అన్నాడు. శనివారం గుమ్మంలో నిలబడి, “నీ పని నేను చేసేశాలే, లేవకు” అన్నాడు. ఏ పని అని అడిగే ఓపిక లేదు. మనసు మాత్రం నిండిపోయింది.

లేచి చూద్దును కదా, వల పాలలా తెల్లగా ఉంది. వేడినీళ్లు, ఇనుప పీచు.

“చూశావా, ఆరేళ్ల మురికి వదలగొట్టాను! నువ్వెప్పుడూ సగంలో వదిలేస్తావు. పాపం, ఓపిక లేక కాబోలనుకుని ఏమీ అనలేదు.”

ఓపిక లేక! ఆరేళ్లుగా నేను పని ఎగ్గొడుతున్నానని నమ్మి, ప్రేమకొద్దీ ఊరుకున్నాడన్నమాట. తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. దానికి తోడు మా అత్తయ్య, “నువ్వు కనపడక చేపలు బెంగపెట్టుకుంటాయని అటు పోతూ ఓ చిటికెడు, ఇటు వస్తూ ఓ చిటికెడు మేత వేశానే” అంది.

వారం తిరక్కుండా గాజు గోధుమరంగుకి తిరిగింది. గోరంత ముక్కగా తెచ్చి పిడికిలంత పెంచిన ఊదారంగు పగడం ముడుచుకుపోయింది. ఆదివారం తన చేపల సంఘం వాళ్లు దాన్ని చూడ్డానికే వస్తున్నారు.

“ఏదో ఒకటి చెయ్యవే. నీ చేతిలో ఏదో మంత్రముంది” అన్నాడు.

“మంత్రం కాదు, పని. నువ్వు పీచు పెట్టి తోమింది దాన్నే.” చెయ్యి పట్టుకుని అల్మరా ముందు కూర్చోబెట్టి అంతా చెప్పాను.

“అయితే అది మురికి కాదా?”

“మురికిని తినేది.”

వెనక నుంచి అత్తయ్య, “వంటమనిషిని వెళ్లగొట్టి పొయ్యి ఎంత శుభ్రంగా ఉందో అని మురిసినట్టుందిరా నీ సంగతి!” అంది.

“మీ చిటికెళ్లు కూడా ఆపండి అత్తయ్యా.”

“మధ్యలో నన్నెందుకు లాగుతావే!”

మేత సగానికి తగ్గించాలి, రోజూ కొంత ఉప్పునీరు మార్చాలి, వల మీద మళ్లీ పాచి పట్టేదాకా ఆగాలి. పగడం బతికితే బతికినట్టు. “అదంతా నేను చేస్తాను. వాళ్లకేం చెప్తావు?” అన్నాను.

“మోటారు పాడైందని చెప్తా.”

“సరే. అయితే ఆ మోటారునే వచ్చి తొట్టిని బాగుచెయ్యమను.”

లేచి అల్మరా తలుపు మూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. “ఒరేయ్, ఈ ఆదివారం వద్దురా, నెలాఖరుకి రండి. తొట్టి పాడుచేశాను... మోటారు కాదు, నేనే. ఇన్నేళ్లూ దాన్ని నడిపింది మా ఆవిడ. తెలియక ఆవిడ పనంతా తోమేశాను.” అవతల నవ్వులు నాకు వినపడుతూనే ఉన్నాయి. తన చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవుల మీద నాకెంత ప్రేమ పుట్టిందో ఏం చెప్పను!

నెలాఖరుకి వచ్చారు. పగడం ఒక అంచున ఎండిపోయింది కానీ మిగతాది విప్పుకుంది. అందరూ సోఫా వదిలేసి అల్మరా చుట్టూ చేరారు. “చూపించండి వదినా!” అన్నారు. అలవాటు ఎంత చెడ్డదో, నా మోకాళ్లు వాటంతటవే వంగాయి.

వంగిన మోకాళ్లని నిలబెట్టి, కార్డు మా ఆయన చేతిలో పెట్టాను. “మాస్టారూ, పాఠం ఒప్పజెప్పండి.”

తను కిందకి కూర్చుని తల లోపలికి దూర్చాడు. నేను వెళ్లి సోఫాలో కూర్చున్నాను.

“సగమే.”

“సగమేలే,” అల్మరాలోంచి వినపడింది.

ఆ తొట్టి ఎదురుగా తీరిగ్గా కూర్చోవడం ఆరేళ్లలో నాకదే మొదటిసారి. పగడం ఊదారంగు వేళ్లు నీళ్లతోపాటు ఊగుతున్నాయి. ఇంత బాగుంటుందా!

“మరి వీళ్లకి టీ?” అంది అత్తయ్య చెవిలో.

“కాగుతుందిలెండి,” అన్నాను తొట్టి మీంచి చూపు తిప్పకుండా, “దానంతటదే.”